‘జెంటూ’ మాట వెనక

మన భాషకు ఇంగ్లీషువారి కాగితాలలో నూట యాభై సంవత్సరాలకు పైగా నడిచిన పేరు తెలుగు కాదు, ఆంధ్రమూ కాదు, జెంటూ. మనవాళ్ళు జెంటూలు, మన లిపి జెంటూ లిపి, మన మాట జెంటూ మాట. ఇప్పుడీ మాట చచ్చిపోయింది. చచ్చిపోయిన మాటను తవ్వి తీయడం ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఈ మాట చనిపోయినా దాని చుట్టాలు బతికే ఉన్నాయి కనుక, అందులో కొన్ని మన ఇంట్లోనే కాపురం చేస్తున్నాయి కనుక, తవ్వవలసి వచ్చిందని మనవి.

నేనీ మాటను మొదటిసారి చూసింది ఒక పాత వ్యాకరణం ముఖపత్రం మీద. 1816లో మద్రాసులో అచ్చయిన ఎ. డి. కాంబెల్ తెలుగు వ్యాకరణం అది. తెలుగు భాషా వ్యాకరణమని చెప్పి ఆయన ఊరుకోలేదు. సామాన్యంగా జెంటూ అనబడేదని ఒక తోక తగిలించాడు. ఆ పైన, ద్వీపకల్పంలో ఈశాన్య మండలాల హిందువుల భాష ఇది అని ఎల్లలు కూడా చెప్పాడు. ఈశాన్య మండలాలంటే ఉత్తర సర్కారులన్నమాట. మా ఊరు నౌపడ ఆ ఎల్లల లోపలిదే. అంటే మా ముత్తాత తాతకు తెలియకుండానే ఆయన జెంటూ అయి కూర్చున్నాడు!

మా ఊరికి రెండు సంగతులవల్ల పేరు వచ్చింది. ఒకటి ఉప్పు, రెండోది రైలు. సముద్రపు పాయలోని నీటిని మళ్ళలోకి తోడి, ఎండకు ఆరబెట్టి, తేలిన ఉప్పును చెక్కపలకలతో గీకి కుప్పవేసే పని మావాళ్ళు తరతరాలుగా చేస్తున్నారు. పర్లాకిమిడి రాజావారి చిన్నరైలు 1900లో మా స్టేషన్ నుంచే బయలుదేరింది. ఆ తరవాత 1931లో దాన్ని గుణుపురందాకా పొడిగించారు. ఈ ఊళ్ళో నేను ఎరిగిన ముసలివాళ్ళలో ఎవరూ తమను జెంటూలని చెప్పుకోగా నేను వినలేదు. కులం పేరు చెప్పేవారు, ఊరి పేరు చెప్పేవారు. మరీ గుచ్చి అడిగితే తెలుగోళ్ళమనేవారు. మరి ఈ పేరు పెట్టినదెవరు?

ముఖపత్రం చూసిన ఆనాడు నాకు తటాలున తోచింది జంతువు. మనల్ని జంతువులన్నారా అని ఒళ్ళు మండింది. ఆ కోపం వృథా అని తరవాత తెలిసింది గాని, ఆ ఊహ నా ఒక్కడిదే కాదని కూడా తెలిసింది. వారన్ హేస్టింగ్సు పూనికతో పదకొండుమంది పండితులు కూర్చిన ధర్మశాస్త్ర సంగ్రహాన్ని పారసీకం మీదుగా ఇంగ్లీషులోకి దించిన నథానియేల్ హాల్‌హెడ్, 1776లో దాన్ని జెంటూ న్యాయస్మృతి అనే పేరుతోనే అచ్చు వేయించాడు. ఆ పుస్తకం పీఠికలో ఆయన ఈ మాటకు సంస్కృత జంతు శబ్దమే మూలమై ఉండవచ్చునని వాదించాడు. జంతువంటే పుట్టినది, ప్రాణి, సంకుచితార్థంలో మనిషి. దేశస్థుల నోట తరచుగా ఈ మాట విని, పోర్చుగీసువారు దీన్నే జాతినామమనుకొని ఉంటారనీ, ఆపైన తమ మతపిచ్చికొద్దీ దానికి తమ భాషలోని మరొక అర్థాన్ని అంటగట్టి ఉంటారనీ ఆయన ఊహ. ఊహ పసందుగానే ఉంది. కాని శబ్దసామ్యం చూసి చుట్టరికం కలిపితే వచ్చే తంటా ఇదే. నౌపడ పేరు వినగానే ‘నౌక’ గుర్తుకు వస్తుంది. సముద్రం దగ్గర్లోనే ఉంది కనుక నమ్మబుద్ధి కూడా అవుతుంది. అయితే ఒరియాలో పడా అంటే పల్లె, నువా అంటే కొత్తది. ఒడిశాలో నువాపడా అనే ఊరే ఉంది. రెండు భాషలూ కలిసి బతికే మా సీమలో ఓడకన్నా కొత్తపల్లె దగ్గరి బంధువని నాకు తోస్తుంది. నా ఊహ కూడా ఊహే అనుకోండి.

అసలు సంగతి హాల్‌హెడ్ చివరగా పక్కకు నెట్టిన అర్థంలోనే ఉంది. పోర్చుగీసు భాషలో జెంటియో అనే మాట ఉంది. క్రైస్తవుడు కానివాడు, యూదుడు కానివాడు, మహమ్మదీయుడు కానివాడు అని దాని అర్థం. దానికి తల్లి లాటిన్‌లోని గెంటిలిస్. దానికీ తల్లి గెన్స్. గెన్స్ అంటే వంశం, కుదురు. ఒకే మూలపురుషుని పేరు చెప్పుకొనే కుటుంబాల గుంపు. గెంటిలిస్ అంటే ఆ కుదురుకు చెందినవాడు. మనం ఇంటిపేరు, గోత్రం అని చెప్పుకొనేదానికి రోములో అది దగ్గరిది.

ఇక్కడినుంచి ఈ మాట రెండు దారులు పట్టింది. ఆ రెండు దారులూ చూస్తే చరిత్ర ఎంత నవ్వులాటలాడుతుందో తెలుస్తుంది.

మొదటి దారి కోటలోకి పోయింది. వంశమున్నవాడంటే చెప్పుకోదగ్గ వంశమున్నవాడు. భూమీ పుట్రా ఉన్నవాడు. చేతులకు మన్ను అంటనివాడు. ఫ్రెంచిలో జాంటీ అయి, ఇంగ్లీషులో జెంటిల్ అయి, జెంటిల్‌మన్ అయి కూర్చుంది. పుట్టుకకు పేరు కాస్తా నడవడికకు పేరయింది. పెద్ద వంశంలో పుట్టినవాడు గనుక మెత్తనివాడు, మర్యాదస్తుడు అని! మర్యాద పుట్టుకతో వచ్చే సొత్తని ఈ మాటే సాక్ష్యం చెప్పే ఏర్పాటు జరిగింది. మన పెద్దమనిషి అనే మాటా ఈ దారినే నడిచిందని వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లండులో 1381లో రైతులు తిరగబడ్డప్పుడు జాన్ బాల్ అనే పేద పురోహితుడు వారికి చేసిన బోధ ఈ మాట మీదనే అంటారు. సృష్టి ఆరంభంలో జెంటిల్‌మన్ అనేవాడు లేడు, అతను తరవాత పుట్టుకువచ్చాడు అన్నదే ఆయన వాదం. ఆయనను ఉరితీశారు. ఒక మాట అర్థాన్ని ప్రశ్నించినందుకు ప్రాణం పోయినవారిలో ఆయన ఒకడని నేను లెక్క కట్టుకుంటాను.

రెండో దారి దేవాలయంలోకి పోయింది. యూదుల పవిత్రగ్రంథంలో తమవారు కాని తక్కిన జాతులన్నిటికీ ఉన్న మాటను లాటిన్‌లోకి మార్చినవారు గెన్స్ శబ్దపు బహువచనమే వాడారు. ఆ జాతులకు చెందినవాడు గెంటిలిస్. అంటే మన కుదురువాడు అనే మాటే పై కుదురువాడు అనే అర్థంలోకి తిరగబడింది. క్రైస్తవం రాజ్యమతమయ్యాక పై కుదురువాడంటే అజ్ఞాని, విగ్రహారాధకుడు, రక్షణ లేనివాడు అయ్యాడు. పోర్చుగీసు ఓడ ఎక్కి మన దేశానికి వచ్చింది ఈ రెండో గెంటిలిస్.

ఆ ఓడ 1498లో కళ్ళికోట దగ్గర ఆగిన వైనం చదివినవారికి ఒక విడ్డూరం గుర్తుండే ఉంటుంది. వాస్కో డ గామా, అతని మనుషులూ దిగీదిగగానే ఒక హిందూ దేవాలయంలోకి పోయి, అది ఏదో ఒక తెగ క్రైస్తవుల గుడి అనుకొని మొక్కారు. ఆనాడు వారి లెక్కలో లోకంలో ఉన్నవారు తాము, తమ శత్రువులైన మూర్లు, అంటే మహమ్మదీయులు. మూర్లు కానివారు తమవారే అయి ఉండాలి కదా! కొన్నాళ్ళకు పొరపాటు తెలిసింది. అప్పుడు ఈ మొక్కే జనాన్ని జెంటియో అనే గాట కట్టేశారు. చూడండి, మనిషి మారలేదు, మొక్కు మారలేదు, దేవుడు మారలేదు. చూసేవాడి చిట్టాలో పద్దు మారిందంతే.

ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో కొట్టు పెట్టేనాటికి కోస్తా రేవులన్నిటా వర్తకపు భాష పోర్చుగీసు. మాటలతోపాటు వారి పద్దులు కూడా అందుకున్నారు. జెంటియో వారి నోట జెంట్యూ అయి, జెంటూ అయింది. దీనికి రెండర్థాలు నిలిచాయి. ఒకటి, దేశంలోని హిందువులందరూ. హాల్‌హెడ్ పుస్తకం పేరులో ఉన్నది ఈ అర్థమే. హేస్టింగ్సు మీద విచారణలో ఎడ్మండ్ బర్క్ గర్జించినప్పుడూ ఇదే. రెండోది, మద్రాసులో మాత్రమే బలపడింది: తెలుగువారు, వారి భాష. ఆ ఊళ్ళో తమిళులు మలబారులు, హిందూస్తానీ భాష మూర్సు, తెలుగు జెంటూ. మలబారు పడమటి తీరమని, తమిళులది తూర్పు తీరమని ఇంగ్లీషువారికి తెలియక కాదు. అంటుకున్న పేరు అంతే. 1670లలో ఇక్కడ తిరిగిన వైద్యుడు జాన్ ఫ్రయర్ వీరి భాషను అందరూ జెంటూ అంటారనీ, అసలు పేరు మాత్రం తెలింగ అనీ రాసుకున్నాడు. అంటే అసలు పేరు తెలిసి కూడా మరొక నూట యాభై ఏళ్ళు కొసరు పేరే నడిపారన్నమాట.

దేశమంతటికీ చెల్లిన పేరు తెలుగువారికే ఎందుకు దక్కింది? ఆంగ్లోఇండియన్ మాటల మీద 1886లో పెద్ద నిఘంటువు కూర్చిన యూల్, బర్నెల్ దీనికి సమాధానం చెప్పారు. పోర్చుగీసువారు వచ్చేనాటికి ద్వీపకల్పంలో ఎక్కువ భాగం విజయనగర రాజ్యం ఏలుబడిలో ఉంది. ఆ రాజ్యానికీ తెలుగుకూ ఉన్న సంబంధంవల్ల హిందువులంటే తెలుగువారే అన్నట్టయిందని వారి ఊహ. ఇది సమంజసంగానే ఉంది. కాని నా మట్టుకు రాజులతోపాటు మరికొందరిని లెక్కలోకి తీసుకోవాలని ఉంది. 1639లో మద్రాసు దగ్గర ఇంగ్లీషువారికి ఇసుకదిబ్బ ఇచ్చినవాడు దామర్ల వేంకటాద్రి నాయకుడు, తెలుగువాడు. ఆ దిబ్బ మీద కోట లేచాక కంపెనీకి గుడ్డ సరఫరా చేసి, బయానాలు తీసుకొని, సాలెవాళ్ళ మెడ మీద కూర్చున్న పెద్ద వర్తకులు బేరి తిమ్మన్న, కాశి వీరన్న, వీరూ తెలుగువారే. ఇంగ్లీషు దొర పొద్దున లేచి ముఖం చూసేది దుబాసీది, బేరం చేసేది ఈ వర్తకులతో. హిందువు అనగానే అతని కళ్ళకు కట్టే రూపం వీరిది. కాబట్టి ఈ పేరు మొదట మీద పడ్డది మగ్గం ముందు కూర్చున్న తెలుగువాడి మీద కాదు, దొర బల్ల ముందు కూర్చున్న తెలుగువాడి మీద. మగ్గం వాడికీ, ఉప్పుమడి వాడికీ అది తరవాత పంపకమయింది.

ఇది పుస్తకాల గొడవ, ఉప్పుమళ్ళకు దీనితో ఏం పని అని అనుకోవచ్చు. కొన్ని సంవత్సరాలను వరసన పెట్టి చూద్దాం. 1765లో క్లైవు మొగలు పాదుషా చేత ఉత్తర సర్కారుల సనదు రాయించుకున్నాడు. మరుసటి ఏడు నైజాముతో ఒప్పందం. 1802లో ఈ జిల్లాలలో శాశ్వత శిస్తు పద్ధతి మొదలయింది. 1805లో మద్రాసు రాజధాని అంతటా ఉప్పు తయారీ, అమ్మకం కంపెనీ గుత్తసొత్తయింది. తన మడిలో తాను పండించిన ఉప్పు తాను అమ్ముకోవడం నేరమయింది. 1812లో సెంట్‌జార్జి కోట కళాశాల పెట్టారు. సీమనుంచి దిగిన కుర్రదొరలకు జిల్లాలకు పంపేముందు దేశభాషలు నేర్పడం దాని పని. 1816లో కాంబెల్ జెంటూ వ్యాకరణం, 1817లో విలియం బ్రౌన్ అనే మరొకరి జెంటూ వ్యాకరణం, 1821లో కాంబెల్ నిఘంటువు. శిస్తు లెక్క అర్థం కావాలి, కరణం చేసే మోసం పట్టాలి, అర్జీ చదవాలి. అందుకు భాష కావాలి. మన భాషకు ఆధునిక వ్యాకరణం, నిఘంటువు వచ్చింది ఈ అవసరంమీద. దీన్ని దాచవలసిన పనిలేదు, దీనికి సిగ్గుపడవలసిన పనీ లేదు.

అలా అని ఆ పుస్తకాలను తోసిపుచ్చడం నాకు ఇష్టం కాదు. మన పత్రికలలో అప్పుడప్పుడు కనిపించే తొందరపాటు అది. కాంబెల్ తన పుస్తకంలోనే జెంటూ అనడం తప్పనీ, సంస్కృతంవారు దీన్ని ఆంధ్రమంటారనీ, ఆ దేశంలో పుట్టిన జనం తెలుగు, తెనుగు అంటారనీ తేల్చి చెప్పాడు. ఆ వ్యాకరణానికి ఉపోద్ఘాతంలో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ తెలుగు సంస్కృతంనుంచి పుట్టినది కాదనీ, తమిళ కన్నడాలతో ఒకే కుదురుకు చెందిందనీ ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించాడు. ద్రావిడ భాషల మీద కాల్డ్‌వెల్ పుస్తకం రావడానికి ఇంకా నలభై సంవత్సరాలుంది. ఆ కళాశాల పనికి ఆసరాగా నిలిచిన గ్రంథాలలో మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య కట్టిన ఆంధ్రదీపిక ఒకటి. ఒక కోమటి పెద్ద దుకాణం చూసుకుంటూ తెలుగు నిఘంటువు కూర్చాడంటే, ఈ కథలో తెలుగువాడు వట్టి చూపుడుబొమ్మగా లేడని ఒప్పుకోవాలి.

ఇంతకూ జెంటూ ఎలా చచ్చింది? హిందువులందరికీ హిందూ అనే మాట రూఢి అయింది. మన భాషకు తెలుగు అనే పేరు నిలిచింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు అచ్చు వేసేనాటికి ముఖపత్రం మీద తెలుగు ఒక్కటే చాలింది, తోక అక్కరలేకపోయింది. 1886నాటికి యూల్, బర్నెల్ ఈ మాట బహుశా మద్రాసులో మాత్రం కొనవూపిరితో ఉందని రాశారు. నేడు ఇంగ్లీషు చదివే పిల్లవాడిని జెంటూ అంటే ఏమిటని అడిగితే దక్షిణధ్రువం దగ్గరి ఒక పెంగ్విన్ పేరు చెప్తాడు. ఆ పక్షి తలమీది తెల్లపట్టీని తలపాగాగా భావించి ఓడవాళ్ళు ఆ పేరు పెట్టారని ఒక ఊహ ఉంది. తెలుగువాడి తలపాగా మంచుగడ్డల మీద నడుస్తున్నదన్న తలపు నాకు బాగుంది కనుక ఆ ఊహను కొట్టివేయను.

మనకు ఇతరులు పెట్టిన పేర్లలో జెంటూ మొదటిది కాదు, ఆఖరుదీ కాదు. తమిళులకు మనం వడుగులం. వడ అంటే ఉత్తరం, అంటే ఉత్తరాదివాళ్ళం. పోర్చుగీసు పాదిరీలు దాన్నే బడగ చేసి, విజయనగర సైనికులను చూసి జడిసినప్పుడు ఆ పేరు వాడారు. ఉత్తరాన మనం తిలంగలం. క్లైవు 1756లో మద్రాసునుంచి వంగదేశానికి తీసుకుపోయిన సిపాయిలలో తెలుగువారు ఉండడంవల్ల, ఇంగ్లీషు కవాతు నేర్చిన ప్రతి సిపాయీ అక్కడ తిలంగే అయ్యాడు. వంద సంవత్సరాల తరవాత 1857లో మీరట్‌నుంచి ఢిల్లీ చేరిన తిరుగుబాటు సిపాయిలను ఆ ఊరివారు తిలంగలే అన్నారు. వారిలో చాలామంది అవధ్ పల్లెలవారు. తెలుగువాడి పేరు మొదట దొర కొలువుకు, ఆఖరికి దొర మీద తిరుగుబాటుకు గుర్తయింది. మలయా దేశంలో మనం క్లింగులం. అది మా కళింగమే. మా ఊరికి కూతవేటులో అనను గాని, ఒక పూట ప్రయాణంలో శ్రీముఖలింగం ఉంది. తూర్పు గాంగుల కళింగనగరం అదేనని చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయం. రాజ్యం పేరుగా ఓడ ఎక్కిన ఆ మాట రబ్బరు తోటలలో కూలివాడిమీద విసిరే తిట్టుగా మిగిలింది.

ఇక రంగంలో మనం కొరంగీలం. మా తాత రంగం వెళ్ళి రేవులో బస్తాలు మోసి వచ్చినవాడు. మా ప్రాంతంలో రంగం పోని ఇల్లు ఆనాడు అరుదు, రంగమంటే రంగూన్. మా తాత మాటల్లో ఈ పేరు దొర్లితే చిన్నప్పుడు అడిగాను.

“కొరంగీ అంటే ఏటి తాతా?”

“మనవేరా. ఆ దేశంవోలు మనల్ని అలగే పిలిసీవోరు.”

“కొరంగి ఎక్కడుంది?”

“నాకేటి తెలుసు? నానెప్పుడూ ఎల్లనేదు.”

కొరంగి గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడకు దగ్గరగా ఉన్న పాత రేవు. ఓడలు కట్టి, ఓడలు నడిపిన ఊరు. 1839 నవంబరు తుఫానులో సముద్రం పైబడి ఊరు నాశనమయింది. రేవు పోయాక కూడా దాని పేరు మాత్రం బర్మాలో నిలిచి, ఆ ఊరు కళ్ళ చూడని నౌపడ కూలివాడి వీపుకు అంటుకుంది. 1930 మే నెలలో రంగూన్ రేవులో ఈ కొరంగీలు కూలి పెంచమని పని ఆపారు. ఓడ కంపెనీలవారు వారి బదులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె రాజీ అయి మనవాళ్ళు తిరిగి పనికి రాగానే ఆ బర్మావారిని పొమ్మన్నారు. పొట్టకొట్టినవాడు దొర, కాని చేతికందినవాడు పక్కనున్న కూలి. మే 26న మొదలైన దొమ్మీలో వందమందికి మించి చచ్చారు, వారిలో ఎక్కువమంది మనవాళ్ళే. ఆనాడు కత్తికి ఎదురుపడ్డవాడిని నీ ఊరేదని ఎవరూ అడగలేదు. పేరు చాలింది.

ఇంతవరకు ఇతరులు మనల్ని అన్నది. ఇక మనం అన్నది చెప్పాలి.

కాలేజీ చదువుకు నేను దక్షిణాది జిల్లా పట్నానికి పోయినప్పుడు వసతిగృహంలో మొదటి రాత్రే నాకొక పేరు పెట్టారు. నేను ‘ఏటి’ అన్నాను; అదే పేరు. మూడేళ్ళూ నేను అక్కడ ఏటిగాడినే. తెలుగులో తెలుగువాళ్ళే నాకు పెట్టిన పేరది. నా మాట గ్రామ్యమని మా తరగతి ఉపాధ్యాయులొకరు కూడా నవ్వారు. ఆయన చెడ్డవారు కారు, నాకు పుస్తకాలిచ్చి చదివించినవారే. ఆయన అన్న ఆ మాట ఆ రోజున ఎందుకు గుచ్చుకుందో నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు.

గ్రామ్యమంటే గ్రామానికి చెందినది. తప్పన్న అర్థం ఆ మాటలో పుట్టుకతో లేదు. ఇప్పుడు జెంటియోకు తోడబుట్టిన మరొక లాటిన్ మాట చూడండి: పగానుస్. పగుస్ అంటే పల్లె పట్టు. పగానుస్ అంటే పల్లెవాసి. ఇంగ్లీషులో అదే పేగన్, అజ్ఞాని, విగ్రహారాధకుడు. హీదెన్ అనే మాటకూ బీడునేలల్లో ఉండేవాడనే అర్థం సాధారణంగా చెప్తారు. విల్లా అంటే జమీందారు పొలంలోని లోగిలి. ఆ లోగిలికి కట్టుబడి దున్నే పాలేరు విల్లానుస్. అతడే నేటి నాటకాల్లో, సినిమాల్లో విలన్. దున్నేవాడు దుర్మార్గుడయ్యాడు! కుదురు ఉన్న జెంటిల్‌మన్ మర్యాదస్తుడయ్యాడు. మనవైపు చూస్తే నగరంలో ఉండేవాడు నాగరికుడు, ఉండనివాడు అనాగరికుడు. నాడు అంటే దేశమే అయినా నాటు అంటే మొరటు. లాటిన్‌కూ తెలుగుకూ చుట్టరికం లేదు గాని, పాలేరుకూ పాలేరుకూ ఉంది. ఏ దేశంలోనైనా నిఘంటువు కట్టేవాడి ఇల్లు ఊరికి ఏ దిక్కున ఉందో ఆ నిఘంటువే చెప్తుంది.

ఈ గ్రామ్యమనే తిట్టును ఎదిరించి నిలిచినవాడు మా సీమవాడే కావడం కాకతాళీయం కాదని నా నమ్మకం. గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళానికి దగ్గరి పర్వతాలపేటలో పుట్టాడు. పర్లాకిమిడిలో రాజావారి బడిలో చదువు చెప్పాడు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరు మన పాఠకులకు కొత్తది కాదు, దాన్ని ఇక్కడ ఏకరువు పెట్టను. ఆ పోరుకు ముందే మొదలై, తరవాత కూడా సాగిన ఆయన మరొక పనిని మాత్రం మనవాళ్ళు జయంతిసభలలో ఒక్క వాక్యంతో దాటవేస్తుంటారు. పర్లాకిమిడి అంగడికి కొండలనుంచి దిగే సవరలను చూసి, వారి భాష తెలిసినవారిని ఇంట పెట్టుకొని, లిపి లేని ఆ భాషను ఆయన ఏళ్ళతరబడి నేర్చాడు. ఆ భాష తెలుగుకూ చుట్టం కాదు, సంస్కృతానికీ చుట్టం కాదు. ముండా కుదురుకు చెందినది. రాజధాని పండితులు తెలుగు పల్లెవాడి మాటనే మాటగా ఒప్పుకోని రోజులలో ఈయన తెలుగు పల్లెవాడు కూడా చిన్నచూపు చూసే మనిషి దగ్గర కూర్చొని పాఠం చెప్పించుకున్నాడు. పల్లెవాడి మాటకు వ్యాకరణం ఉంటుందన్న ధైర్యం ఆయనకు పుస్తకాలనుంచి కాదు, ఈ సవర గురువులనుంచి వచ్చిందని నేననుకుంటాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి చేరాడు. మేము గంజాం జిల్లానుంచి విశాఖపట్నం జిల్లాలో పడ్డాం, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాం. ఎల్లలు కూడా ఇతరులు పెట్టే పేర్లవంటివే.

రామమూర్తిగారి సవర భాషా పుస్తకం 1931లో, నిఘంటువు 1938లో మద్రాసులో ప్రభుత్వం అచ్చు వేసింది. అవి ఇంగ్లీషు పుస్తకాలే. వాటి ముఖపత్రాలు చూసినప్పుడు నాకు కాంబెల్ ముఖపత్రం గుర్తుకు వచ్చింది. ఊళ్ళో అందరూ అనేది సవర; కాని ఆయన పెద్ద అక్షరాలలో ముందు వేయించింది సొర. ఆ జనం తమను తాము పిలుచుకొనే పేరది, దీర్ఘాలు కూడా వారి నోట పలికినట్టే గుర్తులు పెట్టి మరీ వేయించాడు.

నా చిన్నతనంలో ఆ జనం గుణుపురం చిన్నరైలులో మా స్టేషన్‌లో దిగేవారు. ఆడవాళ్ళ నెత్తిన చింతపండు గంపలు, మగవాళ్ళ భుజాన చీపుళ్ళ మోపులు. తిరుగుబండికి ఉప్పు మూటతో ఎక్కేవారు. బండి కదిలేదాకా ప్లాట్‌ఫారం చివర, ఎవరికీ అడ్డం కాకుండా, నేలమీద కూర్చొని తమలో తాము మెల్లగా మాట్లాడుకొనేవారు. రామమూర్తిగారి నిఘంటువు అచ్చయి అప్పటికి పాతికేళ్ళ పైమాటే. మేం పిల్లలం వాళ్ళ చుట్టూ మూగి వాళ్ళ మాటను వెక్కిరించేవాళ్ళం. మాకు తెలిసిన పేరు ఒక్కటే, దానితోనే కేకలు వేసేవాళ్ళం: కొండోళ్ళు.